వాసన లేని మందు

"వాసన తెలుస్తోందా?" అని నన్ను మొదట అడిగిన మనిషి తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగులో ఉన్నాడు. 2020 వేసవి. దుబాయ్ అవతల ఫుజైరా కొండల్లో మేము పనిచేసే కూరగాయల తోట గేటు దగ్గర బల్ల వేసుకుని, కరోనా పరీక్షలు చేయడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. జ్వరం ఉందా అంటే లేదన్నాను. దగ్గు ఉందా అంటే లేదన్నాను. వాసన తెలుస్తోందా అంటే దానికీ లేదనే అన్నాను. ఆ చివరి మాట నన్ను ముంచింది.

నాకు వాసన పోయి అప్పటికే రెండేళ్ళు దాటింది. ముక్కు లోపల కండ పెరిగి దారి మూసుకుపోయిందని షార్జాలో డాక్టరు చెప్పాడు కూడా. ఆ సంగతి హిందీలో కూడబలుక్కుని చెప్పేలోపే పక్కకు నిలబడమన్నారు. మధ్యాహ్నానికల్లా తోట చివర ఖాళీగా పడి ఉన్న రేకుల గదిలో నేనూ, నా పరుపూ, ఒక నీళ్ళ డబ్బా. పరీక్షలో కరోనా లేదని తేలాక కూడా వదల్లేదు. వాసన తెలియని మనిషిని పనివాళ్ళలోకి ఎలా వదులుతామన్నారు. పాత రోగం అనేది ఒకటి ఉంటుందని ఆ సంవత్సరం అందరూ మర్చిపోయారు.

మా ఆవిడ షార్జాలో, అల్ నహ్దాలో ఉంటుంది. ఆస్పత్రిలో నర్సు. కాకినాడ వైపు మనిషి. ఆస్పత్రిలో ఊపిరి సలపని రోజులవి, అయినా డ్యూటీ దిగగానే ఫోన్ చేసింది.

"ఎందుకు లేదన్నారండీ? తెలుస్తోందని ఒక్క ముక్క అంటే పోయేదిగా."

"తెలియని వాసన తెలుస్తోందని ఎలా చెప్పను?"

"అందరూ చెప్పట్లేదూ?"

"అందరి సంగతీ నాకెందుకు."

"ముక్కు పోయింది గానీ ముక్కుసూటితనం పోలేదు మీకు," అంది. నవ్వుతోందో, విసుక్కుంటోందో తెలియలేదు. తర్వాత ప్రార్థన చేసుకుంటానని పెట్టేసింది.

నేను ఆ తోటలో మందు మనిషిని. పురుగు మందుల గది తాళాలు నా దగ్గర ఉండేవి. ఏ గ్రీన్‌హౌస్‌లో ఏ మందు, ఎన్ని నీళ్ళకు ఎంత కలపాలి, కొట్టాక ఎన్నాళ్ళకు కాయ కోయాలి, ఇవన్నీ నేను చూడాలి. పంట కీర దోస, ఇక్కడివాళ్ళు ఖియార్ అంటారు. గ్రీన్‌హౌస్‌కి ఒక పక్క గోడంతా తడి అట్టలు, ఎదురు పక్క పెద్ద ఫ్యాన్లు. బయట కొండరాయి నిప్పులా కాలుతుంటే లోపల పందిరి ఎక్కిన తీగలు, తేమ, చల్లదనం. అది మనకెంత హాయో తెల్లదోమకూ అంతే హాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున నూకలు అంటించినట్టు ఉంటుంది. తీగను కదిలిస్తే తెల్లగా లేచి మళ్ళీ అక్కడే వాలుతుంది. ఆకు రసం పీలుస్తుంది, జిగట కారుస్తుంది, ఆ జిగట మీద మసిలా బూజు పడుతుంది. వీటన్నిటికీ తోడు ఒక తీగ తెగులు ఇంకో తీగకు మోసుకుపోతుంది.

తోట యజమానిని మేము కఫీల్ అనేవాళ్ళం. మంచివాడే. జీతాలు ఆపలేదు, ఎవరినీ తిట్టలేదు. కానీ ఆయనకొక అలవాటు ఉండేది. శుక్రవారం నమాజు అయ్యాక కారులో వచ్చేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. గ్రీన్‌హౌస్ తలుపు తీయించి, గడప దగ్గర నిలబడి, గాలి ఒకసారి గట్టిగా పీల్చేవాడు. మందు ఘాటు తగిలితే "తమామ్" అని, బాగుందన్నట్టు తల ఊపి వెళ్ళిపోయేవాడు. తగలకపోతే తోట మేనేజరు, మా ముదీర్ వైపు తిరిగి, మందు కొట్టలేదా అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి గురువారం గురువారం మందు కొట్టించేవాళ్ళు. దోమ ఉందా లేదా అన్నది లెక్క కాదు, శుక్రవారం గడప దగ్గర ఘాటు ఉందా లేదా అన్నదే లెక్క. దోమ కోసం కొట్టే మందు ఒకటి, కఫీల్ ముక్కు కోసం కొట్టే మందు ఒకటి. రెండోదే ఎక్కువ.

ఇది ఎడారిలో పుట్టిన జబ్బేం కాదు. మా గుంటూరు వైపు పత్తి చేలల్లో, నా పడుచు వయసులో, ఇదే చూశాను. పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే పక్క చేలోంచి ఘాటు తగిలేది. అంతే, గుండెలో రాయి పడేది. వాడు కొట్టాడు, మనం కొట్టకపోతే వాడి పురుగంతా మన చేలోకి వస్తుంది అనుకుని, చేలో పురుగుందో లేదో చూడకుండానే మందుల కొట్టుకు పరిగెత్తేవాళ్ళు. సాయంత్రానికి ఊరు ఊరంతా ఒకటే కంపు. కొట్టులో సీసా కొనేటప్పుడు మూత తీసి వాసన చూసేవాళ్ళు. కళ్ళు నీళ్ళు తిరిగితే మంచి మందు. తిరగకపోతే నీళ్ళు కలిపాడని అర్థం. కొట్టు వాడికి ఈ సంగతి తెలియదా? "వాసన చూడు బావా" అని వాడే మూత తీసి ముక్కుకు అందించేవాడు. చంపాల్సింది పురుగునైతే పరీక్ష మా ముక్కులకు.

చివరికి పురుగు మందులో తడిసి, కాసేపు ముడుచుకుని, మళ్ళీ నడిచి కాయలోకి దూరే రోజు వచ్చింది. అప్పుడు రైతులేమన్నారు? మందు కల్తీ అన్నారు. కల్తీ లేదని నేను అనను, ఉంది. కానీ పురుగే మారిపోయిందని ఎవరూ నోరెత్తి చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు జీపుల్లో వచ్చి, ఇంకో మందు పేరు చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళారు. మా చేను పోయింది. నేను దుబాయ్ వచ్చాను. అన్ని ఎమిరేట్లకీ కలిపి మనవాళ్ళు అనే పేరు అది.

నేను చదివింది ఎనిమిది దాకా. మిగతాదంతా నా అంతట నేను చదువుకున్నదే. రేడియోలో పాడిపంటల కబుర్లు, పాత పత్రికలు, ఇక్కడికి వచ్చాక ఫోనులో దొరికే పాఠాలు. అర్థం కాని మాటను వదలకుండా పదిసార్లు చదివేవాణ్ణి. అలా తెలుసుకున్నది ఇది. దోమలన్నీ ఒకటి కావు. గుంపులో ఎక్కడో కొన్నిటి ఒంట్లో మందును ముక్కలు చేసి పారేసే శక్తి ఎక్కువ ఉంటుంది. ఇంకొన్నిటిలో మందు వెళ్ళి అతుక్కోవాల్సిన చోటు రూపమే వేరుగా ఉంటుంది, మందు వచ్చినా అక్కడ పట్టదు. ఇవి తల్లి నుంచి పిల్లకు వచ్చే జన్యువులు. మందు వాటిని పుట్టించదు. మందు చేసే పని ఒక్కటే, అవి లేనివాటిని ఏరి ఏరి చంపి, అవి ఉన్నవాటికి పందిరంతా ఖాళీ చేసి ఇస్తుంది. వేసవి వేడిలో తెల్లదోమకు ఒక తరం అంటే మూడు వారాలు. మనిషికి ముత్తాత నుంచి మునిమనవడి దాకా పట్టే కాలం దానికి ఒక పంట.

రేకుల గది నుంచి నన్ను బయటికి వదిలేసరికి మందుల గది సగం ఖాళీ అయి ఉంది. నేను లేనన్నాళ్ళూ ముదీరే దగ్గరుండి కొట్టించాడు. ఆయన నెల్లూరాయన, వ్యవసాయంలో డిగ్రీ చదివినవాడు, నాకు కొడుకు వయసు. కొత్త రకం మందులకు పెద్దగా వాసన ఉండదు. అందుకని ప్రతి డ్రమ్ములోనూ పాత ఘాటు మందు కొంచెం కొంచెం కలిపించాడు. చావడానికి చాలని మోతాదు, అలవాటు పడటానికి సరిపోయే మోతాదు.

"సార్, ఇలా కొంచెం కొంచెం పోస్తే దోమకు మందు నేర్పినట్టవుతుంది," అన్నాను.

"నేర్పేదానికి అదేమన్నా బడికి పోతుండాదా పెద్దాయనా?"

"బడి కాదు సార్. జన్యువులు. ఆ మందుకు చావనివి మిగిలి, వాటి పిల్లలే..."

"అబ్బబ్బ. మళ్ళీ మొదలుపెట్నావా? శుక్రవారం కఫీల్ వచ్చి వాసన యాడ అని అడిగితే నీ జన్యువుల్ని చూపించమంటావా?"

గ్రీన్‌హౌస్‌లన్నిట్లో మందు కొట్టే కడప ముస్లిం ఒకతను పక్కనే ఉన్నాడు. పంపు భుజాన వేసుకుంటూ, "పెద్దాయనకు ముక్కు లేకపాయ, అందుకే ఆయప్పకు వాసనంటే కోపం సార్," అన్నాడు. ముగ్గురం నవ్వాం. అతను మంచి మనిషి. నా కంటే చిన్నవాడు, నా టిఫిను డబ్బా కూడా కడిగి పెట్టేవాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు జరిగినదానికి మాత్రం ఎవరినీ తప్పు పట్టలేను. మందుల గదిలో పాత ఘాటు మందు డబ్బా ఒకటి అడుగున పగిలి కారుతోంది. నేను అందులోనే కూర్చుని సీసాలు సర్దుకుంటున్నాను. తల తిరిగినట్టు ఉంటే ఎండ అనుకున్నాను. కడపతను తలుపు దగ్గరికి వచ్చి, చొక్కా ముక్కుకు అడ్డం పెట్టుకుని, నన్ను రెక్క పట్టి బయటికి ఈడ్చాడు.

"ఏంది పెద్దాయనా, గది గదంతా ఘాటుతో మంటలెత్తుతాంటే అట్ల కూచోనుండావే. సచ్చిపోదామనా?"

వాంతులయ్యాయి. ఆస్పత్రిలో సెలైన్ పెట్టి రెండో రోజు పంపేశారు. వచ్చాక ముదీర్ నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. ఎప్పుడూ చూపించని మనిషి కుర్చీ చూపిస్తే ఏదో ఉందని అర్థం.

"చూడు పెద్దాయనా, వాసన తెలియనోడి చేతిలో మందుల గది పెట్టి, రేపేమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. ఎండాకాలం పంట తీసేస్తుండాం గదా. ఆపరేషనో ఏందో చేయించుకో. నాట్లప్పటికి ముక్కు వస్తే గది నీదే. రాకపోతే ఇంక నేనేం చేయలేను. నీ వయసుకి వేరే పని ఇయ్యమంటే పై వాళ్ళు ఒప్పుకోరు. క్యాన్సిల్ చేస్తారు."

క్యాన్సిల్ అంటే వీసా. ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. నేనైనా అదే అనేవాణ్ణి. కానీ ఆ రోజు నుంచి నా పనీ, నా తిండీ, నా గది తాళాలూ అన్నీ ముక్కు చివర వేలాడాయి.

ఆపరేషను 2022 వేసవిలో, మా ఆవిడ పనిచేసే ఆస్పత్రిలోనే అయింది. ముక్కులోంచే సన్నటి గొట్టం పంపి, ఆ కండంతా తీసి, సైనస్ దారులు వెడల్పు చేశారు. లేచాక గాలి ముక్కులోంచి తలలోకి దూసుకుపోయినట్టు అనిపించింది. వాసన మాత్రం సున్నా. డాక్టరు మలయాళీ, నిదానస్తుడు. దారి తెరిచాం గానీ, వాసన పట్టే నరాలు ఏళ్ళ తరబడి పని లేక మొద్దుబారి ఉంటాయన్నాడు. వాటికి మళ్ళీ నేర్పాలట. రోజూ పొద్దునా సాయంత్రం గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఒక్కొక్కటీ కాసేపు వాసన చూస్తూ, ఆ వాసన ఎలా ఉండేదో మనసులో తలుచుకోవాలి. నెలలు పట్టవచ్చు. రావచ్చు, రాకపోవచ్చు. కండ మళ్ళీ పెరగనూ వచ్చు. అందుకని రోజూ ఉప్పునీళ్ళతో కడగడం, ముక్కులోకి స్ప్రే కొట్టుకోవడం.

"నాట్లలోపు వస్తుందా?" అని అడిగాను.

ఆయనకు నాట్లంటే ఏమిటో మా ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

లవంగాలూ నిమ్మకాయలూ ఇంట్లో ఉన్నాయి. నీలగిరి తైలం మందుల షాపులో దొరికింది. గులాబీ అత్తరు కోసం మా ఆవిడ నన్ను దుబాయ్‌లోని నైఫ్ బజారుకు తీసుకుపోయింది. అంగట్లో కూర్చున్నది హైదరాబాదు కుర్రాడు. మా మాట విని తెలుగులోకి దిగాడు.

"చాచా, ఇది అస్లీ గులాబ్. జర చూడుండ్రి." నా చేతి మీద రాశాడు.

"నాకు వాసన తెలియదు బాబూ."

"అయితే ఇది జర తేజ్ ఉంటది, ఇది చూడుండ్రి." ఇంకోటి రాశాడు.

"అదీ తెలియదు."

"మరి అత్తర్ ఎవరికి చాచా?"

"నాకే."

వాడు నన్ను వదిలేసి మా ఆవిడ వైపు చూశాడు. "ఇవ్వు నాయనా. ఆయనకి రోజూ పోట్లాడుకోడానికి ఒకటి కావాలి, నేను డ్యూటీలో ఉంటాను," అంది.

అలా ఆ వేసవంతా అల్ నహ్దా గదిలో నాలుగు చిన్న సీసాల ముందు కూర్చున్నాను. ఇంత చిల్లర పని నా జన్మలో చేయలేదు. లవంగం సీసా ముక్కు కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంటే వాసన బదులు మా అమ్మ పన్ను నొప్పికి దవడలో లవంగం నొక్కుకుని తిరగడం గుర్తొచ్చేది. బొమ్మ వచ్చేది, వాసన వచ్చేది కాదు. నిమ్మ చెక్క పెట్టుకుంటే నోరు ఊరేది, ముక్కు ఊరుకునేది. మా ఆవిడ చార్టు చూసినట్టు రోజూ అడిగేది. నేను రోజూ లేదనేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నా పక్కనుంచి వంటగదిలోకి పోయింది. గాలిలో చల్లగా, సన్నగా ఏదో గీత గీసినట్టయింది.

"నువ్వు స్పిరిట్ వాసన వస్తున్నావు," అన్నాను.

ఆవిడ వంటగది తలుపు దగ్గర ఆగిపోయింది. "ఏమన్నారు?"

"స్పిరిట్. చేతులకి."

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులు నా ముక్కు దగ్గర పెట్టింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వాసన వస్తున్నానండీ. ఇన్నాళ్ళకి చెప్పారు," అంది.

మిగతావి తిన్నగా రాలేదు. కాఫీ కాలిన రబ్బరులా వచ్చింది. ఉల్లిపాయ ఏదో పాడైన మాంసంలా వచ్చింది. లిఫ్టులో ఎవరి సెంటైనా మురుగులా కొట్టేది. నరాలు దారి వెతుక్కుంటున్నాయి, ఇది మంచి గుర్తే అన్నాడు డాక్టరు. నెమ్మదిగా ఒక్కొక్కటే వాటి స్థానాల్లోకి వచ్చాయి. లవంగం లవంగంలా వచ్చిన రోజు ముదీర్‌కి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

నేను వెళ్ళేసరికి తోటలో ఇంకో సంగతి నడిచింది. తోటలకు సలహాలిచ్చే ఒకాయన వచ్చి, తెల్లదోమల్ని చిన్న గొట్టాల్లో పట్టి పరీక్షకు పంపాడట. నిరోధకత ఇచ్చే జన్యువులు రెండు రకాలూ ఉన్నాయని తేలింది. పాత మందు ఈ దోమకు ఇక పనికిరాదు, కలిపి కొట్టడం పూర్తిగా మానేయండి, పసుపు జిగురు అట్టల మీద దోమ లెక్క పెరిగినప్పుడే వేరే కుటుంబానికి చెందిన కొత్త మందు ఒక్కటే కొట్టండి, అదీ మారుస్తూ ఉండండి అని చెప్పి వెళ్ళాడు. ముదీర్ ఆయనకు టీ, బిస్కట్లు ఇచ్చి అన్నిటికీ తల ఊపాడట. అదే మాట నేను చెప్పినప్పుడు బడికి పోతుండాదా అన్నాడు. నాకేం బాధ లేదు, మాట ఎవరి నోటి నుంచి వచ్చినా పందిట్లోకి చేరితే చాలు అనుకున్నాను. చేరిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మందుల గది వరండాలో ముదీర్ రెండు గాజు గ్లాసులు పెట్టాడు. రెండింట్లోనూ తేటగా ఏమీ కలపనట్టున్న నీళ్ళే. కడపతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకదాంట్లో కొత్త మందు కలిపిన నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. ఏదేదో చెప్పు పెద్దాయనా. అంతే, ఇంకేం లేదు."

ఒకటి తీసి వాసన చూశాను. ఏమీ లేదు. రెండోది చూశాను. ఏమీ లేదు. మళ్ళీ మొదటిది తీసుకున్నాను. అప్పుడు గ్రహించాను, నా ముక్కు పనిచేస్తోంది. వరండా గాలంతా నాకు తెలుస్తోంది. తడి అట్టల పాకుడు వాసన, కడపతని చేతిలో టీలోంచి యాలకులు, ముదీర్ చొక్కా మీద ఊద్ అత్తరు. గ్లాసుల్లో మాత్రమే ఏమీ లేదు.

"రెండింటికీ వాసన లేదు సార్. ఈ మందుకు వాసన ఉండదు. ఇంత పలుచగా కలిపితే అసలే ఉండదు."

"వాసన లేని మందు యాడుంటుంది పెద్దాయనా?" ఆయన ఒక గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వస్తుండాదే. ఘాటుగానే వస్తుండాది."

ఆయన చెయ్యి గ్లాసుతో నా ముందుకు వచ్చింది. అప్పుడు నాకూ తగిలింది. ముప్పై ఏళ్ళ క్రితం గట్టు మీద తగిలిన వాసన. మర్చిపోయే వాసన కాదు అది.

"అది మందుది కాదు సార్. మీ వేళ్ళది. పాత మందు. పొద్దున్న డ్రమ్ములో కలిపారా?"

ఆ రోజు గురువారమని నాకు ఆ మాట అన్న తర్వాత గుర్తొచ్చింది. ముదీర్ గ్లాసు కింద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత కడపతని వైపు తిరిగాడు.

"నువ్వు చూడబ్బా. గ్లాసులో వాసన వస్తుండాదా లేదా?"

అతను గ్లాసు తీసుకున్నాడు. నా వైపు చూడలేదు. అతని వీసా కూడా ఆ నెలలోనే రెన్యూ కావాలి, నాకు తెలుసు. "కొంచెం వస్తాండాది సార్," అన్నాడు.

"వాసన రావట్లేదని అంటున్నాను గానీ ముక్కు పోయిందనట్లేదు సార్. మీ చొక్కా మీద ఊద్ తెలుస్తోంది. ఇతని టీలో యాలకులు తెలుస్తున్నాయి. ఆ అట్టల పాకుడు తెలుస్తోంది."

"అవన్నీ నువ్వు రోజూ చూసేవే గదా పెద్దాయనా. ముక్కుతో కాదు, గుర్తుతో చెప్తుండావు. ఎప్పటెప్పటియో పత్తి చేలల్లో సంగతులు చెప్పేవోడివి, నీ గుర్తు నాకు తెల్దా?" చాలా మెత్తగానే అన్నాడు. "ఇంక ఇంటికి పోయి రెస్టు తీసుకో. పని ఖలాస్."

తాళాలు బల్ల మీద పెట్టాను.

అల్ నహ్దాకు వెళ్ళే బస్సులో, జరిగింది ఫోనులో చెబితే మా ఆవిడ చాలాసేపు వింది. "ఏదో ఒక గ్లాసు చూపించి ఉండాల్సింది. సగానికి సగం అవకాశం ఉండేదిగా," అంది. సగం అవకాశం కోసం నేర్చుకున్న ముక్కు కాదది అన్నాను. ఆవిడ తర్వాత నన్ను తన వీసా మీదికి మార్పించింది. ఇన్నేళ్ళు సంపాదించిన మగవాడి గుర్తింపు కార్డు మీద, భార్య మీద ఆధారపడినవాడని ఉంటుంది. ఉండనీ. నర్సు మీద ఆధారపడని మనిషిని ఈ దేశంలో ఆ కరోనా ఏళ్ళలో నేను చూడలేదు.

చలికాలం మధ్యలో కడపతను ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, ఆ పొద్దు నీ ముక్కు కరెక్టే."

"నాకు తెలుసు."

"ఆ దినం పొద్దన్నే కలిపినాం. కఫీల్‌కు వాసన కావల్ల గదా. సలహా ఇచ్చినాయన మాట మన సార్ ఒక్క వారమే ఇన్యాడు."

"దోమ ఎలా ఉంది?"

"దానికేం, బాగుండాది. మేమే బాగల్యా." కొంచెం ఆగి, "నా మీద కోపం పెట్టుకోవద్దు," అన్నాడు.

పెట్టుకోలేదని చెప్పాను. కోపం ఉంది. అది అతని మీద కాదు. పురుగు తరం తరానికీ నేర్చుకుంటోంది. గట్టు మీద నిలబడ్డ రైతు నుంచి గడప మీద నిలబడ్డ కఫీల్ దాకా మనం నేర్చుకున్నది మాత్రం గాలి పీల్చి తల ఊపడం ఒక్కటే. పత్తి పోయింది, నేను సముద్రం దాటాను. ఖియార్ పోతే ఏ సముద్రం దాటాలో నాకు తెలియదు, దాటే వయసూ కాదు.

ఇప్పటికీ రోజూ ముక్కు కడుక్కుంటాను, స్ప్రే కొట్టుకుంటాను. ఒక పక్క మళ్ళీ కొంచెం కండ కనిపిస్తోందని పోయినసారి డాక్టరు అన్నాడు. చూద్దాం అన్నాడు. నేనూ చూద్దామనే అన్నాను.

మొన్న కింది దుకాణంలో ఖియార్ తెచ్చాను. కళకళలాడుతూ, ముళ్ళు కూడా రాలని లేత కాయలు. ఇంటికి తెచ్చి తొడిమ విరిచేసరికి తగిలింది, సన్నగా, అడుగున ఎక్కడో. అదే ఘాటు. మళ్ళీ కిందికి వెళ్ళి దుకాణం అతనికి ఇచ్చాను. అతను వాసన చూసి, పక్కనున్న ఇంకొకతనికి ఇచ్చాడు. అతనూ చూశాడు. "నో స్మెల్, అంకుల్. ఫ్రెష్ హై," అన్నారు ఇద్దరూ. నేను ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. ఏదో తోట అన్నారు.

పైకి వచ్చి సంచి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ ఒక కాయ తీసుకుని, చేతులు కడుక్కుని మరీ, చాలాసేపు వాసన చూసింది.

"నాకేం రావట్లేదండీ."

"నాకు వస్తోంది."

ఆవిడ నా మొహం చూసింది. ఇంకో కాయ తీసి చూసింది. తర్వాత సంచి మూతి ముడి వేసి, వంటగదిలోకి తీసుకుపోయి, చెత్తబుట్టలో పడేసింది. ఆ పూట పెరుగులోకి ఉల్లిపాయ కోసుకున్నాం. అది ఉల్లిపాయలాగే వాసన వచ్చింది.